తాగని కనకవ్వకు తాగినట్టు పత్రం

కనకవ్వ ముందే భయపడి పెట్టుకునే మనిషి. ఫోను మోగితే ఎత్తకముందే సగం ఏడుపు పూర్తి చేసేది. భర్త ఓదెలు పది నిమిషాలు ఆలస్యమైతే ఆసుపత్రికి కావలసిన చెంబు, దుప్పటి, గ్లాసు సంచిలో సర్దుకుని గుమ్మంలో కూర్చునేది. ఓదెలు వచ్చి ఆ సంచిని చూసి, "ఇయ్యాల నాకేమైందే?" అని అడిగి, చేతులు కడుక్కుని అన్నానికి కూర్చునేవాడు.

ఇంతటి భయస్తురాలికి కూడా ముందుగా తోచని ఆపద ఒకటి వచ్చిపడింది. జన్మలో చుక్క ముట్టని కనకవ్వ, తాను తాగానని ప్రభుత్వాన్ని నమ్మించవలసి వచ్చింది. ప్రభుత్వం ఒక పట్టాన నమ్మలేదు.

వాళ్లకు పిల్లలు కలగలేదు. జిల్లా శిశుగృహం నుంచి పద్ధతి ప్రకారం కాయితాలు రాయించుకుని ఏడాది పిల్లను దత్తత తెచ్చుకుని, నవ్యశ్రీ అని పేరు పెట్టుకున్నారు. ఇప్పుడు దానికి తొమ్మిదేళ్లు, మూడో తరగతి. పాట ఒకసారి వింటే రాగం పట్టేస్తుంది. చెప్పిన పని మాత్రం పట్టదు. "సంచి తీస్కో, చెప్పులేస్కో, తలుపు కాడ నిలవడు" అంటే సంచి తీసుకుని ఆగిపోతుంది. మిగతా రెండు మాటలు ఎక్కడో జారిపడ్డట్టు నేల మీద వెతుకుతుంది. నిన్న వచ్చిన ఎక్కం ఇవాళ రాదు. తరగతిలో గోల ఎక్కువైతే చెవులు మూసుకుని బల్ల కిందికి దూరుతుంది.

జిల్లా ఆసుపత్రి డాక్టరమ్మ శిశుగృహం వాళ్ల పాత కాయితాలు చదివి, పిల్లను రెండు రోజులు ఆడించి, పాడించి, పరీక్షించి విషయం చెప్పింది.

"కన్నతల్లి కడుపుతోని ఉన్నప్పుడు మద్యం తాగిందని ఈ కాయితాలల్ల రాసి ఉంది. తల్లి తాగింది కడుపుల బిడ్డకు కూడా చేరుతది. మెదడు తయారయ్యే టైముల దెబ్బ తగులుతది. ఇది మందుబిళ్లతోని పోయేది కాదు. కానీ పిల్ల మొండిది కాదు, సోమరిది అంతకన్నా కాదు. మనం చెప్పే పద్ధతి మార్చుకోవాలె."

"పెద్దయినంక ఇంటికి తోవ మర్చిపోతదా డాక్టరమ్మా? పెండ్లయితదా? నన్ను గుర్తువడ్తదా? నేను సచ్చిపోతే..."

"ఆగు. పిల్లకు ఒక్కసారి ఒక్క మాటే చెప్పాలె. బొమ్మ చూపియ్యాలె. మర్చిపోతే కొట్టకుండ మళ్ల చెప్పాలె. గోల లేని జాగల కూసోవెట్టాలె. నువ్వు కూడా ఒక్కసారి ఒక్క భయమే పడు."

కనకవ్వ ఆ చివరి మందు తప్ప అన్నీ వాడింది. అటక మీద దాచిన పాత పెళ్లి పత్రికలు దించి అట్టముక్కలుగా కోసింది. ఓదెలు లారీలకు నంబర్లు, వెనక తలుపుల మీద బొమ్మలు రాసే పెయింటరు. ఒక్కో ముక్క వెనక ఒక్కో బొమ్మ వేశాడు. చేయి అలవాటు పడ్డ పని వేరు కాబట్టి మంచినీళ్ల గ్లాసుకు అటొకటి ఇటొకటి తామరపూలు వచ్చాయి. చెప్పుల జత మీద డేగ వాలింది. అయినా నవ్యకు అన్నీ అర్థమయ్యాయి. గ్లాసు చూపిస్తే నీళ్లు. పలక చూపిస్తే పలక. ఒకటి అయ్యాకే ఇంకొకటి.

బడిలో హెడ్మాస్టరు భూమయ్య సారు మెతక మనిషి. నవ్యను వెనక గోడ పక్కన కూర్చోబెట్టి, ముక్కలు ఒకటొకటిగా చూపించడం మొదలుపెట్టాడు. నెల తిరిగేసరికి పిల్ల తనంతట తానే పుస్తకం తీసి, పేజీ తిప్పి, వేలు పెట్టి చదివింది. బల్ల కిందికి దూరడం మానేసింది. కనకవ్వ కళ్లు తుడుచుకుని, ఇంత మంచి జరిగిందంటే ఇక ఏదో కొంప మునుగుతుందని నిశ్చయించుకుంది.

ఆమె అంచనా తప్పలేదు. మూడో రోజున తనిఖీ బృందం వచ్చింది.

బృందం అట్టముక్కలను స్వాధీనం చేసుకుని రెండు నేరాలు కనిపెట్టింది. ఒకటి, ఆమోదం లేని బోధనోపకరణములు. రెండు, తిప్పి చూడగా ప్రతి ముక్క వెనకా వధూవరుల పేర్లు, సుముహూర్తం ఉన్నందున ప్రాథమిక పాఠశాలలో బాల్య వివాహముల ప్రచారం. పైగా విద్యార్థినిని గోడ పక్కన కూర్చోబెట్టుటకు ఉత్తర్వులు లేవు.

భూమయ్య సారు మెమో పట్టుకుని కనకవ్వ ఇంటికే వచ్చాడు.

"కనకమ్మా, కొత్త స్కీము ఒకటి వచ్చింది. గర్భస్థ మద్యపీడిత బాలల సర్వతోముఖ చేయూత పథకం. అండ్ల పేరు చేరితే ముక్కలకు పర్మిషను, గోడకు పర్మిషను, మెల్లగ చెప్పెతందుకు నాకు పర్మిషను. నెలాఖరు లోపల చేరకుంటే మాత్రం..."

"చేరకుంటే?"

"జిల్లా కేంద్రంల హాస్టలు బడికి పంపాలంటున్నరు. ఒకటో తారీఖు బస్సు వస్తదట."

చెప్పులు తొడుక్కోవడానికే బొమ్మ కావలసిన పిల్ల, అరవై కిలోమీటర్ల దూరంలో, రెండు వందల మంది గోలలో. కనకవ్వ ఈసారి ఏడవలేదు. అంత పెద్ద భయానికి ఆమె దగ్గర ఏడుపు నిల్వ లేదు. మర్నాడు పొద్దున్నే మండల విద్యాధికారి కార్యాలయం మెట్ల మీద ఉంది.

మండల విద్యాధికారి చక్రపాణి సారు సర్క్యులర్లు రాసీ రాసీ సర్క్యులర్‌లాగే మాట్లాడేవాడు. పథకం గురించి పైనుంచి వచ్చింది ఒక్క వాక్యమే: తగిన ఆధారములతో లబ్ధిదారులను గుర్తించవలెను. ఆ ఒక్క వాక్యాన్ని ఆయన వారం రోజులు సెలవు కూడా పెట్టకుండా చిలికి, పద్నాలుగు గళ్లతో 'అనుబంధం-క' అనే పత్రం తీశాడు. దాన్ని ఆమె ముందు పెట్టాడు.

"గడి మూడు నింపుము. గర్భధారణ కాలమున తల్లి సేవించిన మద్యము. రకము, బ్రాండు, సీసా పరిమాణము."

"నేను తాగలే సార్."

"తల్లి తాగినట్లు వైద్యురాలు ధ్రువీకరించియున్నారు."

"తాగింది కన్నతల్లి సార్. ఎవరో నాకెర్కలేదు. పాపం, ఆమెకు ఎవరేం చెప్పి పోసిన్రో. నేను పెంచుకున్న."

చక్రపాణి సారు పత్రాన్ని అటూ ఇటూ తిప్పాడు. "పెంచిన తల్లికి గడి లేదు. జనన ధ్రువీకరణ పత్రం ప్రకారం తల్లి ఎవరు?"

"నేనే."

"తల్లి తాగినది. తల్లివి నీవు. కావున నీవు తాగితివి."

"సార్, కొంగుకు సారా వాసన తగిల్తేనే తలస్నానం చేసేదాన్ని!"

"అది నీ వ్యక్తిగత అభిప్రాయము. రికార్డు వేరే విధముగా ఉన్నది."

పక్క బల్ల గుమాస్తా విఠల్ మెల్లగా అన్నాడు. "రాసియ్యరాదమ్మా. తాగిన అని రాస్తే ఏం, కిక్కెక్కుతదా?"

కనకవ్వ నవ్యను తలుచుకుని పెన్ను అందుకుంది. బ్రాండు దగ్గర ఆగింది. ఆమెకు తెలిసిన సీసా పేరు ఒక్కటే. దాన్నే రాసింది. అది దగ్గు మందు.

విఠల్ మిగతా నిబంధనలు చదివి వినిపించాడు. తాగినట్టు అబ్కారీ శాఖ వారి ధ్రువీకరణ కావాలి. ఆమెతో కూర్చుని తాగిన ఇద్దరు సాక్షుల సంతకాలు కావాలి. ఇద్దరిలో ఒకరు గెజిటెడ్ అధికారి అయి ఉండాలి.

"నాతోని తాగిన ఆఫీసరా?" అంది కనకవ్వ.

"సాక్ష్యమునకు విశ్వసనీయత ఉండవలెను గదా," అన్నాడు చక్రపాణి సారు.

అబ్కారీ స్టేషనులో ఎస్సై జితేందర్ ఆమెను ఎగాదిగా చూసి కుర్చీ వేయించాడు. అతని సర్వీసులో తాగలేదని ఏడ్చినవాళ్లే గాని, తాగానని కాయితం అడిగినవాళ్లు లేరు.

"ఎక్కడ తాగినవమ్మా? లైసెన్సు దుకాణంలనా, బెల్టు షాపులనా? బెల్టు షాపైతే నీ మీద కేసు రాయాలె."

"ఏది రాస్తే పిల్లకు మంచిదైతే అదే రాయండ్రి సార్."

"ఏదీ, జర తూలుకుంట నడువు చూద్దాం."

కనకవ్వ లేచి నాలుగడుగులు వేసింది. జీవితమంతా ఎక్కడ పడిపోతానో అని ఆచితూచి నడిచిన మనిషి, గీత గీసినట్టు నడిచి వెనక్కి వచ్చింది. కానిస్టేబుళ్లు పెదవి విరిచారు. ఒకాయనకు జాలేసి స్వయంగా తూలి చూపించాడు. అచ్చం అలాగే చేయబోయి కనకవ్వ, "అయ్యో, కుండీ తాకుతది," అని పక్కకు తప్పుకుంది.

"ముఖంల ఏ కోశానా కనిపిస్తలేదమ్మా," అన్నాడు ఎస్సై దిగులుగా. చివరికి అరగంట ఆలోచించి ఒక ధ్రువీకరణ రాసిచ్చాడు: సదరు మహిళ మద్యం సేవించినట్లు ఆధారాలు లేవు, సేవించలేదని చెప్పుటకు కూడా ఆధారాలు లేవు, కావున ఎవరికి తోచినట్లు వారు భావించవచ్చును.

విఠల్ దాన్ని చూసి ముచ్చటపడ్డాడు. ఇంత చక్కటి కాయితం చూసి చాలా రోజులైందన్నాడు.

ఇక సాక్షులు. ఎదురింటి నర్సవ్వ కల్లు తాగుతుందని వాడంతా తెలుసు. కనకవ్వ వెళ్లి విషయం చెబితే నర్సవ్వ పొట్ట పట్టుకుని నవ్వింది.

"నువ్వు తాగినవా కనకా! మొన్న కల్లు లొట్టి చూసి రోడ్డు దిగి పోయినవ్ గదనే! సంతకం పెడ్త తియ్యి. నేను తాగుడు అందరికెర్కే. నిన్నే ఎవరు నమ్మరు."

సంతకం పెట్టాక నర్సవ్వ నవ్వు ఆగిపోయింది. గుంజకు ఆనుకుంది.

"మా చిన్నబిడ్డ గూడ అట్లనే చేస్తది కనకా. రెండు మాటలు చెప్తే ఒకటి మర్చిపోతది. అది కడుపుల ఉన్నప్పుడు మా అత్త రోజు ఒక లోటా పోసేది, సలవ జేస్తది తాగు అని. తాగొద్దని ఒక్కరన్న చెప్పలే."

"మరి డాక్టరమ్మకు చూపియ్యరాదె? నువ్వు గూడ స్కీముల రాయియ్యి."

"నీతోని తాగిన అని రాయమంటే రాస్త. నా బిడ్డను నేనే ఇట్ల జేసిన అని రాయమంటే మాత్రం చెయ్యి రాదే." ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఆ అట్టముక్కలు నాక్కూడ జర కోసియ్యి. ఎవరికి చెప్పకు."

మండలంలో ఇలాంటి తల్లులు ఇంకెందరున్నారో అనుబంధం-కకు తెలియదు. తాగిన ఒక్క తల్లి కూడా దరఖాస్తు చేయలేదు. పథకం మొత్తానికి వచ్చిన దరఖాస్తు ఒక్కటే, అది తాగని ఆవిడది.

నెలాఖరు రోజు. గెజిటెడ్ సాక్షి దొరకలేదు. గెజిటెడ్ అని అడగబోతే పశువుల డాక్టరు తలుపు వేసుకున్నాడు. కనకవ్వ నవ్యను వెంటబెట్టుకుని, ఇంట్లో మిగిలిన అట్టముక్కల సంచి చంకన పెట్టుకుని, కాళ్లయినా పట్టుకుందామని చక్రపాణి సారు గదికి వెళ్లింది.

సారు ఆమె ఫైలు తెరిచాడు. ఫోను మోగింది. ఫోను ఎత్తి, విఠల్‌ను ఇంకో ఫైలు అడిగాడు. అది వచ్చేలోగా టీ వచ్చింది. టీ చేత్తో పట్టుకుని ఎందుకో లేచాడు. ఎందుకు లేచాడో తెలియక గది మధ్యలో నిలబడి నేల మీద వెతికాడు.

కనకవ్వకు ఆ చూపు బాగా తెలుసు. ఏళ్ల తరబడి ఇంట్లో చూస్తున్నదే. పక్కనుంచి నవ్య ఆమె కొంగు లాగింది.

"అమ్మా, సార్‌కు శానా మాటలు ఒక్కసారే చెప్పిన్రే."

ఆలోచించి ఉంటే కనకవ్వ ఆ పని చేసేది కాదు. చేతికి అలవాటైపోయింది. సంచిలోంచి కుర్చీ బొమ్మ తీసి సారు కళ్లకు ఎదురుగా పట్టుకుని, మెల్లగా, "కూసోండ్రి," అంది.

చక్రపాణి సారు కూర్చున్నాడు.

గ్లాసు బొమ్మ చూపించింది. నీళ్లు తాగాడు. ఫోను మళ్లీ మోగింది. ఆమె ఫోను మీద తువ్వాల కప్పింది. ఇన్నేళ్ల ఉద్యోగంలో తనతో ఎవరూ ఇంత నెమ్మదిగా మాట్లాడలేదన్నట్టు సారు బుద్ధిగా చేతులు కట్టుకున్నాడు. పెన్ను బొమ్మ చూపించింది. పెన్ను తీశాడు. సంతకం కావలసిన చోట్ల విఠల్ ముందే ఇంటూ గుర్తులు పెట్టి ఉంచాడు. కనకవ్వ ఒక్కో గుర్తు మీద వేలు పెట్టింది. "ఇక్కడ. మంచిది. ఇగ ఇక్కడ. శభాష్."

అయిదు చోట్ల సంతకమైంది. సాయంత్రం టపాలో ఫైలు జిల్లాకు పోయింది. ఒకటో తారీఖు బస్సు నవ్యను ఎక్కించుకోకుండానే వెళ్లిపోయింది.

ఆరో రోజున చక్రపాణి సారు ఆటో దిగి కనకవ్వ గుమ్మంలో నిలబడ్డాడు. ఆమె తక్షణం చెంబు, దుప్పటి సంచిలో సర్దడం మొదలుపెట్టింది. జైలుకు ఇంకేమేమి కావాలో ఓదెలును అడిగింది.

"నువ్వు కాదమ్మా పోయేది, నేను," అన్నాడు సారు. ఆయన నోట మామూలు మాట రావడం అదే మొదలు. జేబులోంచి జిల్లా కార్యాలయం లేఖ తీసి ఇచ్చాడు. ఓదెలు చదివాడు.

"లబ్ధిదారు తల్లితో కలిసి మద్యం సేవించిన గెజిటెడ్ అధికారిగా మీరు స్వయముగా సంతకము చేసినందుకు మీ పారదర్శకత అభినందనీయము. సదరు సేవనము ఏ నెలలో, ఏ స్థలమున, కార్యాలయ వేళల్లోనా లేక వెలుపలనా జరిగినదో మూడు దినములలో తెలుపగలరు."

విఠల్ పెట్టిన అయిదో గుర్తు గెజిటెడ్ సాక్షి గడిలోది.

"చదవకుండ పెట్టిన అని చెప్తే సస్పెండు జేస్తరు. చదివే పెట్టిన అంటే మా ఇంటామె ఊకోదు. నీ కాళ్లు మొక్కుత, ఏదన్న దారి చెప్పమ్మా." ఆయన మూడు మాటలు ఒకేసారి చెప్పి వాకిట్లో అటూ ఇటూ తిరిగాడు.

కనకవ్వ కుర్చీ బొమ్మ తీసింది. ఆయన కూర్చున్నాడు. గ్లాసు బొమ్మ. ఆయన తాగాడు.

"ఒక్కసారి ఒక్కటే సార్. తల్లి తాగిన కాయితం పిల్లకు అవసరమా?"

చక్రపాణి సారు ఆలోచించాడు. ఆ ప్రశ్న పద్నాలుగు గళ్లలో ఎక్కడా లేదు. "పిల్లకా? పిల్లకు డాక్టరు కాయితం సాలు."

"బడికి అవసరమా?"

"బడికెందుకు? పిల్లకు ఎట్ల చెప్పాల్నో తెలిస్తే సాలు గద."

"మరి ఎవరికి సార్?"

ఆయన నెమ్మదిగా అన్నాడు. "ఫైలుకు."

"ఆ కాయితం ఎవరు రాసిన్రు?"

"నేనే."

"రాసినాయన తీసెయ్యొచ్చు గద సార్?"

ఆ మధ్యాహ్నమే ఉత్తర్వు వెలువడింది. అనుబంధం-క పుట్టుకతోనే రద్దయినది, దానిపై చేసిన సంతకములు ఎన్నడూ చేయబడలేదు, ఇకమీదట వైద్యుల లేఖ ఒక్కటే చాలును, తల్లిని ఎవరూ ఏమీ అడుగరాదు. అడగరనగానే మర్నాడు నర్సవ్వ చిన్నబిడ్డ చేయి పట్టుకుని జిల్లా ఆసుపత్రి బస్సెక్కింది. వారంలోగా వెనకవాడ నుంచి ఇద్దరు, స్టేషను పక్క నుంచి ఒకామె వెళ్లారు. ఓదెలుకు లారీల పని పక్కన పెట్టవలసి వచ్చింది. పెళ్లి పత్రికల కోసం వాడంతా అటకలు ఎక్కింది. చక్రపాణి సారు తనకూ ఒక కట్ట కావాలని కబురు పెట్టాడు, డేగతో సహా.

నవ్య అనుమతి పత్రం ఇవ్వడానికి సారు స్వయంగా బడికి వచ్చాడు. వెనక గోడ పక్కన, ఉత్తర్వుల సాక్షిగా, నవ్య కూర్చుని ఉంది. ఆయన బల్ల మీద తన ముక్కలు వరసగా పెట్టుకున్నాడు. కుర్చీ. గ్లాసు. పెన్ను. కూర్చున్నాడు. నీళ్లు తాగాడు. పెన్ను తీసి సంతకం చేయబోయాడు.

నవ్య లేచి వచ్చింది. తన సంచి వెతికి, కళ్లద్దాల బొమ్మ తీసి, గ్లాసుకూ పెన్నుకూ మధ్యలో పెట్టింది.

"ముందుగాల ఇది సార్. ఒకటి మర్చిపోయిన్రు."

తరగతిలో ఎవరూ నవ్వలేదు. భూమయ్య సారు మాత్రం గోడవైపు తిరిగి దగ్గాడు. చక్రపాణి సారు అద్దాలు పెట్టుకుని, కాయితాన్ని మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా చదవడం మొదలుపెట్టాడు.

తలుపు దగ్గర కనకవ్వకు పాత భయం పట్టుకుంది. ఇన్నాళ్లూ చదవకపోతే గండం. ఇప్పుడు చదివితే ఏ తప్పు దొరుకుతుందో, గోడ కొలతలు అడుగుతారో, మళ్లీ అబ్కారీ వాళ్లు వస్తారో, బస్సు వెనక్కి తిరుగుతుందో...

నవ్య ఆమె ముఖం చూసింది. బల్ల మీది తామరపూల గ్లాసు బొమ్మ తీసుకుని వెళ్లి తల్లి కళ్లకు ఎదురుగా పట్టింది.

"అమ్మా, ఒక్కసారి ఒక్కటే. నీళ్లు తాగు."

భూమయ్య సారు గ్లాసు అందించాడు. చక్రపాణి సారు చదవడం ఆపి, అద్దాల పైనుంచి చూశాడు. కనకవ్వ గటగటా తాగింది. ఈసారి ఆమె తాగిన మాట నిజం. చూసిన సాక్షులు ఇద్దరు, అందులో ఒకరు గెజిటెడ్.